ఇస్త్రీ పెట్టె లేని ఇల్లు

బొంతల దుకాణం నడిపే అమ్మగారికి,

నమస్కారం. ఈ ఉత్తరంతో పాటు ఒక మూట పంపుతున్నాను. అందులో నలభై ఎనిమిది చదరాలున్నాయి. ఒక్కొక్కటీ అడుగు పొడవు, అడుగు వెడల్పు. చిన్న చిన్న ముక్కలు అతికి చేసినవి, అన్నీ మా ఆవిడ చేతికుట్టు. ముదురురంగు ముక్కలు నా పాత చొక్కాలవి, లేతరంగువి ఆవిడ పాత బట్టలవి. వరసకి ఆరు చొప్పున ఎనిమిది వరసలు అతికి, లోపల దూది పరిచి, బొంతగా కుట్టి పంపాలి. మా మంచం ఇద్దరిది. బొంత రెండు వైపులా జానెడు కిందికి వేలాడాలి.

మీకే ఎందుకు పంపుతున్నానంటే, ఆవిడ ఈ ముక్కల్ని మీ దుకాణం పేరున్న కాగితంలో చుట్టి దాచింది. ఎప్పుడో దారాలు కొనుక్కుని ఉంటుంది.

ఇంకో మాట. నేను ముప్పై తొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ దుకాణం నడుపుతున్నాను. మా వీధిలో నన్ను మడతల మేస్త్రి అంటారు. ముక్కలు నలిగి ఉన్నాయని, అతుకులు ఒక వైపుకి పడుకుని ఉన్నాయని చూసి, మీకు శ్రమ లేకుండా అన్నీ నేనే సరిచేశాను. ప్రతి అతుకూ వెనక నుంచి రెండు వైపులా విప్పి, నీళ్ళు చల్లి, గంజి పెట్టి, బరువైన పెట్టెతో లాగి ఇస్త్రీ చేశాను. రెండు రోజులు దుకాణం మూసి మరీ చేశాను. ఇక మీరు అతకడమే తరువాయి.

ఇట్లు,
మడతల మేస్త్రి

తా.క. మూట విప్పే ముందు చేతులు కడుక్కోండి. ఇంత బాగా ఇస్త్రీ అయిన ముక్కలు మీ దుకాణానికి ఇదివరకు వచ్చి ఉండవు.

*

అయ్యా మేస్త్రి గారూ,

మూట చేరింది. చేతులు కడుక్కునే విప్పాను. విప్పాక అవే చేతులతో తల పట్టుకున్నాను.

అడుగు చదరాలన్నారు. చేతికి వచ్చినవన్నీ కొలిచాను. ఒకటి అడుగు మీద పావు అంగుళం ఉంది, దాని పక్కది అర అంగుళం. ఇంకోటి ఒక అంచున సరిగ్గా అడుగు, ఎదుటి అంచున అడుగు మీద ముప్పావు అంగుళం. కొన్నిటికి ఉన్నవి మూలలో చెవులో తెలియడం లేదు. వీటిని ఒకదానికొకటి అతికితే వచ్చేది బొంత కాదు. దాని మీద నీళ్ళు పోస్తే నాలుగైదు చోట్ల చెరువు కడుతుంది.

బొంత పనిలో కుట్టడం సగం, అతుకుల్ని పెట్టెతో నొక్కడం సగం. కుట్టు చూస్తే చెయ్యి తిరిగిన మనిషిదే అనిపిస్తోంది. నొక్కడం మాత్రం మీ ఇంటావిడకి ఎవరూ నేర్పినట్టు లేరు. కాటన్ బట్టని ఐమూలగా కత్తిరిస్తే అది సాగుతుంది. తడిపి, వేడి పెట్టెతో తోస్తే ఇంకా సాగుతుంది. గంజి పెడితే సాగినది సాగినట్టే బిగుసుకుపోతుంది. మీరు ఇస్త్రీ చేశానంటున్నారు గాని, ఇన్ని ముక్కలు ఇంతగా పాడవడం రెండు రోజుల పని కాదు. ఆవిడ మొదటి నుంచీ తప్పుగా నొక్కుతూ వచ్చి ఉంటుంది. మీరు దాని మీద మెరుపు పెట్టారు.

మూట నా దగ్గరే ఉంచాను. ఏం చేయమంటారో చెప్పండి.

ఇట్లు,
బొంతల దుకాణం ఆవిడ

తా.క. పెట్టెని ముక్క మీద ఆనించి ఎత్తాలి గాని తోయకూడదని ఆవిడకి చెప్పండి. ఈసారి ఆవిడనే నాలుగు ముక్కలు రాయమనండి. గుడ్డ సంగతి మగవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నీరసం వస్తుంది.

*

దుకాణం ఆవిడకి,

ఆవిడ రాయదు. పోయి ఏడు నెలలయింది.

ఈ సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు, నిజమే. బొంత కుట్టమని అడగడానికి అది మీకు చెప్పాల్సిన పని లేదనుకున్నాను. మీరు ఆవిడకి పని రాదని రాస్తారని ఊహించలేదు. పోయినవాళ్ళని అంటే తిరిగి అనరు కాబట్టి మీకు హాయిగా ఉంటుంది. నేను ఉన్నాను, నన్ను అనండి.

ఆవిడ కుట్టిన ముక్కలు సరిగ్గా అడుగే. ఆవిడ ఒకటికి నాలుగుసార్లు కొలిచేది. కొలత తప్పిందంటే మీ టేపు సాగి ఉండాలి. మీ దుకాణంలో అందరి నోళ్ళూ సాగినట్టే అదీ సాగి ఉంటుంది. ఇక ఇస్త్రీ సంగతి. మా ఊరి పెద్ద కోర్టులో నల్ల కోట్లన్నీ నా చేతిమీదుగా వెళ్ళినవే. కోటు భుజం దగ్గర అతుకు ఒక వైపుకి పడుకోబెడితే అది గూనిలా లేస్తుంది. విప్పి పరచాలి. నాకు అతుకుల గురించి చెప్పకండి.

ఇస్త్రీకి పెట్టె కన్నా బల్ల ముఖ్యం. నా బల్ల మీద మెత్త ఎవరు వేశారనుకున్నారు? మా ఆవిడే. పెళ్ళయిన మొదటి సంవత్సరంలో ఏదో గుడ్డ మడతలు మడతలుగా పరిచి, పైన తెల్లగుడ్డ బిగించి కుట్టింది. పైగుడ్డ మాసినప్పుడల్లా తనే మార్చేది. నన్ను చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ మెత్త అలాగే ఉంది. మెత్త విషయంలో అంత తెలిసిన మనిషికి నొక్కడం రాదా?

నా పనితనం మీకు తెలియాలని ఒక రుమాలు ఇస్త్రీ చేసి పంపుతున్నాను. చూసి మాట్లాడండి.

ఇట్లు,
కోపంగా ఉన్న
మడతల మేస్త్రి

తా.క. ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక కొత్త ఇస్త్రీ పెట్టె దొరికింది. అట్టపెట్టె కూడా విప్పలేదు. నా ఇంట్లో, నాకు తెలియకుండా, ఇంకొక ఇస్త్రీ పెట్టె. దాని గురించి ఆలోచిస్తే నాకు అన్నం సహించడం లేదు.

*

మేస్త్రి గారికి,

ఆవిడ పోయిన సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాటలు రాసేదాన్ని కాదు. క్షమించండి. ఇది మనసులోంచే రాస్తున్నాను.

ఇక మీ సంగతి. మీరు బతికే ఉన్నారు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

నలభై ఏడు ముక్కలు మీ పెట్టె కిందపడి నలిగాయి. నలభై ఎనిమిదోది తప్పించుకుంది. మూట కట్టిన కాగితం మడతలో ఇరుక్కుపోయి మీ కంటపడలేదు. మొన్న అది నా చేతికి వచ్చింది. కొలిచాను. సరిగ్గా అడుగు. నాలుగు వైపులా అడుగే. దారమంత తేడా లేదు. ఆవిడ నొక్కడం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పంతా మీది.

ఆ ముక్కని తిప్పి చూశాను. ప్రతి అతుకునీ ఆవిడ ముదురు వైపుకి తిప్పింది, అంటే మీ చొక్కాల వైపుకి. లేతగుడ్డలోంచి కుట్టుమడత నీడ కనబడకుండా ఉండాలంటే అలాగే తిప్పాలి. పక్క ముక్కలో అతుకు ఎదురు వైపుకి పడుకుంటుంది. రెండూ కలిసేచోట ఒకదానికొకటి ఆనుకుని, కుట్టేటప్పుడు జరగకుండా ఉంటాయి. కోటు వేరు, బొంత వేరు. కోటుని మనిషి భుజాలు మోస్తాయి. బొంతని ఈ ఆనుకోవడమే మోస్తుంది. మీరు కూర్చుని అన్నిటినీ విడదీశారు.

నమ్మరని తెలుసు. అందుకే నేను అతికినవి, ఒకే కొలతవి రెండు ముక్కలు పంపుతున్నాను. ఒకటి మీ పద్ధతిలో చేయండి. రెండోదానికి పెట్టెని ఆనించి, ఎత్తి, పక్కన మళ్ళీ ఆనించండి. తోయకండి. ఆరాక రెండూ కొలిచి నిజం రాయండి. మీ టేపుతోనే కొలవండి.

ఇట్లు,
టేపు సాగని
బొంతల దుకాణం ఆవిడ

తా.క. 1. మీ రుమాలు అందింది. బల్ల మీద నిలబెడితే దానంతటదే నిలబడింది. జలుబు చేసినప్పుడు వాడాలంటే భయంగా ఉంది, ముక్కు తెగుతుందేమోనని.

తా.క. 2. ఆ తప్పించుకున్న ముక్కకి అసలు ఇస్త్రీ పెట్టే తగలలేదు. అతుకు పొడవునా సన్నగా ఒక మెరుపు గీత ఉంది. చెంచా వెనక లాంటి నున్నటి వస్తువుతో రుద్ది నొక్కితే అలా వస్తుంది. ఇస్త్రీ దుకాణం ఉన్న ఇంట్లో ఆవిడకి ఆ అవసరం ఎందుకొచ్చింది?

*

దుకాణం అమ్మగారికి,

మీ రెండు ముక్కలూ చేశాను. నా పద్ధతిలో చేసినది ఒక వైపు అర అంగుళం పెరిగింది. ఒక మూల చెవిలా లేచింది. రెండోది చేయడానికి నా చెయ్యి మొరాయించింది. ముప్పై తొమ్మిదేళ్ళుగా ముందుకు వెళ్ళడమే తెలిసిన చెయ్యి అది. ఎడమ చేత్తో దాని మణికట్టు పట్టుకుని మరీ ఎత్తి పెట్టాను. ఆరాక కొలిస్తే ఎంత పంపారో అంతే ఉంది. నిజం రాయమన్నారు, రాశాను. ఇంక దీని గురించి ఒక్క మాట కూడా నన్ను రాయమనకండి.

వంటింట్లో వెతికితే చెంచా దొరికింది. వెనక ఒక పక్క అరిగి పలచబడింది. రోజూ దానితో పెరుగు వేసేది. అరిగిన చెంచా పారెయ్యమని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. పారేసేది కాదు.

మీరు అడిగినదానికి జవాబు నాకు తెలుసు అనుకుంటున్నాను. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక బొంత పైభాగం మొత్తం అతికింది. నా పెళ్ళినాటి నీలం చొక్కా కూడా అందులో ఉంది. ఒకరోజు ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు, వచ్చేసరికి ఆశ్చర్యపోవాలని, దాన్ని మొత్తం ఇస్త్రీ చేశాను. చెమటలు కక్కుతూ చేశాను. ఆవిడ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "బాగా మెరుస్తోంది" అంది. మడిచి లోపలికి తీసుకెళ్ళింది. ఆ బొంత మళ్ళీ నా కంటపడలేదు. ఎవరికో ఇచ్చేసి ఉంటుందనుకున్నాను. అడగలేదు. తర్వాత ఎప్పుడైనా నేను ఆవిడ ముక్కల దగ్గరికి పెట్టె తీసుకెళ్ళితే, "ఇది నీ పని కాదులే" అనేది. నా పని అంటే చిన్నచూపు అనుకున్నాను. ఏళ్ళ తరబడి ఆ మాట లోపల పెట్టుకుని, ఆవిడ కుట్టేచోటికి వెళ్ళడం మానేశాను. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకునేది ఎక్కువగా అక్కడే. అది పోయింది.

ఇన్నాళ్ళూ నేను తప్పు పట్టింది ఆవిడని. ఆ సంగతి రాయడానికి ఇంకొకరు లేరు గనక మీకు రాస్తున్నాను.

ముక్కలు బాగయ్యే దారి ఏదైనా ఉంటే చూడండి. ఆవిడ చేత్తో చేసినవి ఇంకేమీ లేవు.

ఇట్లు,
మేస్త్రి

తా.క. ఆ కొత్త ఇస్త్రీ పెట్టె మీద ఒక చీటీ అతికించి ఉంది. "శనివారం వాళ్ళందరి తరఫున. ఇకనైనా నీకు ఆ కష్టం తప్పాలి." ఆవిడ ప్రతి శనివారం పిన్ని ఇంటికని వెళ్ళేది. ఆ పిన్ని ఎనిమిదేళ్ళ కిందటే పోయిందని, ఆవిడ పోయాక పరామర్శకి వచ్చినవాళ్ళు చెబితే నాకు తెలిసింది. ఆవిడకి నా దగ్గర ఏం కష్టం? ఎవరా శనివారం వాళ్ళు? అడగడానికి మనిషి లేదు.

*

మేస్త్రి గారికి,

శనివారం వాళ్ళం మేమే.

ప్రతి శనివారం మా దుకాణం వెనక గదిలో పదిమంది ఆడవాళ్ళకి బొంతపని నేర్పుతాను. మీ ఆవిడ పదకొండేళ్ళు వచ్చింది. మేము ఆవిడని చెంచా అక్క అనేవాళ్ళం. అందరూ ఇస్త్రీ బల్ల దగ్గర వంతు కోసం నిలబడితే, ఆవిడ ఒక మూల కూర్చుని చెంచాతో అతుకులు నొక్కుకునేది. మొదట్లో ఒకసారి అడిగాను, ఇంట్లో నొక్కుకుని రావచ్చు కదా అని. "మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదండీ" అంది.

మేము నమ్మాం. వాళ్ళాయన ఏం చేస్తారని ఎవరో అడిగితే, ఆయనకి పని ఎక్కువని చెప్పి మాట మార్చేసింది. పేదవాళ్ళనుకున్నాం. ఒకసారి నేనే అందరి ముందూ అన్నాను, ఇస్త్రీ పెట్టె కూడా కొనుక్కోలేనివాళ్ళు దుప్పటి కప్పుకుని ఊరుకోవచ్చు కదా, ఈ సరదా ఎందుకని. కొందరు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ పాపం కడుక్కోవడానికే తలా కొంత వేసుకుని ఆ పెట్టె కొనిచ్చాం. ఆవిడ మళ్ళీ మళ్ళీ దణ్ణం పెట్టి తీసుకుంది. పై శనివారం మళ్ళీ చెంచాతోనే వచ్చింది. పెట్టె అమ్మేసుకుందని చెప్పుకున్నాం. కిందటేడు రావడం మానేసినప్పుడు, మొహం చెల్లక మానేసిందన్నాం. ఒక్కరం కూడా వెళ్ళి చూడలేదు.

చెంచా గీత చూసిన రోజే నాకు తట్టాల్సింది. ఊళ్ళో పేరున్న ఇస్త్రీ మేస్త్రి ఇంట్లోంచి ఆ మనిషి వస్తోందని ఎలా తడుతుంది?

నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను, అంత అబద్ధం ఎందుకాడిందని. మా ఆయన ఇస్త్రీ చేస్తే నా ముక్కలు పాడవుతాయని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆ గదిలో అని ఉంటే పదిమందీ పది వీధుల్లో చెప్పేవాళ్ళు. మీ పని మీద నవ్వేవాళ్ళు. నాకు తెలుసు, ముందు నవ్వేది నేనే. ఆవిడ మిమ్మల్ని నవ్వులపాలు చేయడం కన్నా తను పేదదానిలా కనబడటమే నయమనుకుంది. మా చేత జాలిపడనిచ్చింది. నేను అవమానించినా ఊరుకుంది.

ముక్కల సంగతి. గోరువెచ్చటి నీళ్ళలో గంజి వదిలేదాకా నానబెట్టి, పిండకుండా, నీడన బల్లపరుపుగా ఆరేశాను. ముప్పై దారికొచ్చాయి. పదిహేడు రాలేదు, ఇక రావు. తప్పించుకున్నదానితో కలిపి ముప్పై ఒకటి. వరసకి అయిదు చొప్పున ఆరు వరసలు కుట్టగలను. ఒకటి మిగులుతుంది. ఇద్దరి మంచానికి అది చాలదు మేస్త్రి గారూ. ఒక మనిషికి సరిపోతుంది.

ఇట్లు,
మీకూ ఆవిడకీ తప్పు చేసిన
బొంతల దుకాణం ఆవిడ

తా.క. మిగిలినదిగా ఆ చెంచా గీత ఉన్న ముక్కనే నా దగ్గర ఉంచుకోనిస్తారా? శనివారం గదిలో గోడకి పెట్టుకుంటాను. నోరు జారబోయినప్పుడు కనబడేచోట.

*

అమ్మగారికి,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు దుకాణం తెరవలేదు. మూడో రోజు కోర్టువాళ్ళు కోట్ల కోసం తలుపు బాదితే తెరిచాను. బల్ల మీద పైగుడ్డ మాసిపోయి ఉంది. ఏడు నెలలుగా మార్చే మనిషి లేదు. తెల్ల చొక్కా వేస్తే మరకలు అంటేలా ఉందని, నేనే బ్లేడుతో కుట్టు విప్పాను. మొదటిసారి విప్పాను.

కింద మెత్తగా ఉన్నది ఆ మొదటి బొంత.

నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. పైమడత మాడి గోధుమరంగు తిరిగింది. పట్టుకుంటే పొడిగా రాలింది. లోపలి మడతలు విప్పాను. అక్కడ రంగులు అలాగే ఉన్నాయి. నా నీలం చొక్కా ముక్క కొత్తగా ఉంది. ఒక మూల, నేను ఆ రోజు తోసి సాగదీసిన మూల, చెవిలా లేచే ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళ ఇస్త్రీకి కూడా అణగలేదు.

అంటే నేను ప్రతిరోజూ, ఊళ్ళో వాళ్ళందరి చొక్కాలూ, ఆవిడ బొంత మీద పెట్టి ఇస్త్రీ చేశాను. ఆవిడ పక్కనే నిలబడి మడతలు పెట్టింది. పైగుడ్డ మార్చినప్పుడల్లా అది చూసింది. మళ్ళీ కుట్టేసింది. కోపంతో అక్కడ పరిచిందో, పాడైంది ఎలాగూ పాడైంది, నా బల్లయినా మెత్తగా ఉంటుందని పరిచిందో నాకు తెలియదు. మీకేదైనా తోస్తే నాకు రాయకండి. రెండింట్లో ఏది నిజమైనా నేను తట్టుకోలేను.

కోట్లు వెనక్కి పంపేశాను. వేరే మెత్త వేసుకునేదాకా పని లేదని చెప్పాను. ఆ బొంతని మళ్ళీ అక్కడ పరచను. ఇస్త్రీ కూడా చేయను. మడిచి ఆవిడ ట్రంకులో పెట్టాను.

చెంచా గీత ముక్క మీరే ఉంచుకోండి. చెంచా మాత్రం ఇవ్వను. పెరుగు వేసుకోవాలి.

ఇట్లు,
మీ
ఇస్త్రీవాడు

తా.క. 1. మీరంతా కొనిచ్చిన పెట్టెని తీసి చూశాను. బరువు చాలదు, తీగ పొట్టి. ఆవిడ వాడకపోవడం ఒకందుకు మంచిదే. మీ శనివారం వాళ్ళకి ఈ మాట చెప్పకండి, పాపం ప్రేమగా కొన్నారు.

తా.క. 2. ఒక మనిషికి సరిపోయే బొంత అన్నారు. అలాగే కుట్టండి. ఆవిడ గోడ వైపు పడుకునేది. ఆ వైపు పరుస్తాను. నా వైపుకి పాత దుప్పటి ఉంది.